ట్రోమ్సోలో ఆరుబయట మొదటి ఏడాది: కొత్తగా వచ్చిన జంటకు మెట్టు మెట్టుగా

మా ఆయనకు ట్రోమ్సోలో ఉద్యోగం ఖాయమైందని ఫోన్‌లో చెప్పగానే తెనాలిలో మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న: "అక్కడ ఉతికిన బట్టలు ఎలా ఆరతాయే?" అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. మూడు చలికాలాలు గడిచాక చెబుతున్నాను, అంతకంటే పనికొచ్చే ప్రశ్న మమ్మల్ని ఇంకెవరూ అడగలేదు. ఉత్తర నార్వేలో బయట తిరగడం నేర్చుకోవడమంటే సగం ఒంటిని తడవకుండా చూసుకోవడమే. మిగతా సగం, ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరగాలో మొగుడూపెళ్లాలు గొడవపడకుండా తేల్చుకోవడం.

ఈ వైపుకు కొత్తగా వచ్చినవాళ్లు, రాబోయేవాళ్లు మొదటి ఏడాది ఏ వరుసలో ఏం నేర్చుకుంటే మంచిదో రాస్తున్నాను. మేముండేది ట్రోమ్సో కాబట్టి తేదీలు, లెక్కలు ఇక్కడివి. స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో ఉండేవాళ్లకు చలి ఇంకా ఎక్కువ, కానీ పద్ధతి అదే.

ఊరి సంగతి రెండు మాటల్లో. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కి.మీ. ఉత్తరాన ఉంది. నడిబొడ్డు ఒక దీవి మీద. తూర్పున వంతెన దాటితే ట్రోమ్స్‌డాలెన్, పడమట వంతెన దాటితే క్వాలోయా అనే పెద్ద దీవి. అక్షాంశం 69 దాటిందని విని మనవాళ్లు మైనస్ 40 ఊహించుకుంటారు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటి పుణ్యమా అని జనవరి సగటు మైనస్ 4 దగ్గరే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కాబట్టి, ఇవాళ మంచు, రేపు దాని మీద వాన, ఎల్లుండి ఆ వాన గడ్డకట్టి గాజు పలక. తెలుగులో అన్నిటికీ 'మంచు' ఒక్కటే మాట. ఇక్కడ ఆ మాట చాలదు. ఈ వ్యాసంలో ఆకాశం నుంచి పడేది మంచు, కాలికింద జారేది ఐసు.

మొదటి మెట్టు: నిలబడటం

కొండలు, ధ్రువ కాంతులు తర్వాత. ముందు ఇంటి గుమ్మం నుంచి బస్టాపు దాకా పడకుండా వెళ్లడం నేర్చుకోవాలి. మా ఆయన మొదటి నెలలోనే చెత్త సంచీ పారేయడానికి వెళ్లి, చెత్తడబ్బాకు రెండడుగుల ముందు వెల్లకిలా పడ్డారు. సంచీ మాత్రం వదల్లేదు.

ఈ నున్నటి ఐసును ఇక్కడ 'హోల్కె' అంటారు. దానికి మందు 'బ్రొడ్డెర్': బూటు అడుగుకు తొడుక్కునే రబ్బరు పట్టీ, దానికి ఇనుప ముళ్లు. ముసలివాళ్లకే అనుకుని మేం కొనడం వాయిదా వేశాం. వీధిలో చూస్తే కుర్రాళ్లూ వేసుకునే తిరుగుతున్నారు. గుమ్మం దిగకముందే తొడుక్కోవాలి. దుకాణంలోకి అడుగుపెట్టే ముందు తీసేయాలి. నున్నటి టైల్స్ మీద ఆ ముళ్లే జారతాయి. నడక కూడా మార్చుకోవాలి. నెత్తిన నిండు బిందె ఉందనుకోండి, అలా: చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించడం, మోకాళ్లు కొంచెం వదులుగా. చేతులు జేబుల్లో ఉండకూడదు. పడేటప్పుడు అవే ఆదుకుంటాయి.

దీంతోపాటే రిఫ్లెక్టర్లు. డిమ్ లైట్లతో వచ్చే డ్రైవరుకు ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషి పాతిక ముప్ఫై మీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనబడడు. రిఫ్లెక్టర్ ఉంటే 140 మీటర్ల దూరం నుంచే కనబడతాడు. కోటుకు రెండు పక్కలా మోకాలి ఎత్తులో వేలాడదీయండి. చాలాచోట్ల ఉచితంగానే పంచుతుంటారు.

రెండో మెట్టు: బట్టలు

కాటన్ అంటే మనకు ప్రాణం. దాన్ని ఇక్కడ పరుపు మీదికే పరిమితం చేయండి. చెమట పీల్చుకున్న కాటన్ మళ్లీ ఆరదు. నడిచినంతసేపూ బాగానే ఉంటుంది, ఆగిన ఐదు నిమిషాలకు తడిగుడ్డ కప్పినట్టు వెన్ను జివ్వుమంటుంది. నేను మొదటి చలికాలం మందపాటి స్కీ ప్యాంటు కింద మామూలు కాటన్ లెగ్గింగ్స్ వేసుకుని వెళ్లాను. బయటి ప్యాంటు ఖరీదైనదే, లోపల నేను మాత్రం గజగజ.

ఒంటికి ఆనే పొర ఉన్ని అయి ఉండాలి. ఇక్కడివాళ్లు 'ఉల్' అంటారు, పసిపిల్లల నుంచి పండు ముసలి దాకా అందరికీ అదే. మెరీనో ఉన్ని గుచ్చుకోదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. దాని మీద ఫ్లీస్ గానీ ఉన్ని స్వెటర్ గానీ. పైన గాలిని, తడిని ఆపే జాకెట్. వీటికి తోడు సంచిలో ఒక పఫ్ఫర్ జాకెట్ (లోపల ఈకలో దూదో కూరిన ఉబ్బు జాకెట్), అది నడిచేటప్పుడు వేసుకోవడానికి కాదు, ఆగినప్పుడు.

బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. గుమ్మంలోనే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో చెమట పట్టి తీరుతుంది. పది నిమిషాలయ్యాక ఆగి ఒక పొర తీసేయండి. ఎక్కడైనా కూర్చోబోతుంటే, చలి వేసేదాకా చూడకుండా ఆగిన వెంటనే పఫ్ఫర్ తగిలించండి. ఈ తియ్యడం, వెయ్యడం చిరాకు పనే. మా ఆయన "చీర మార్చుకున్నన్నిసార్లు మారుస్తున్నావు" అనేవారు, ఒకసారి ఆయనకే వీపు తడిసి వణుకు పుట్టేదాకా.

బూట్లు మీ సైజు కంటే ఒకటి ఎక్కువ తీసుకోండి. మేం వెళ్లిన దుకాణంలో కుర్రాడు సరిగ్గా పాదానికి అతుక్కునే జత ఇచ్చాడు. దాంట్లో మందపాటి ఉన్ని మేజోడు దూరిస్తే వేళ్లు కదల్లేదు. వేళ్లు కదలకపోతే రక్తం ఆడదు, చుట్టూ కాస్త గాలి లేకపోతే వెచ్చదనం నిలవదు. రెండో జత కొనాల్సి వచ్చింది. చేతులకు ఐదు వేళ్ల గ్లోవ్స్ కంటే వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. లోపల పల్చటి ఉన్ని గ్లోవ్స్ వేసుకుంటే ఫోన్ తీసినా చేతులు బయటపడవు.

ఇక అత్తగారి ప్రశ్నకు జవాబు. బయట నుంచి రాగానే బూట్ల లోపలి అట్టలు బయటికి లాగి, బూట్లలో పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి. గంటన్నరకు ఆ కాగితం తీసి కొత్తది పెట్టండి. హీటర్ మీద పెట్టి కాల్చొద్దు, తోలు పగులుతుంది, అతుకు ఊడుతుంది. ఉన్ని బట్టలు ప్రతిసారీ ఉతకనక్కర్లేదు. బాల్కనీలో ఒక రాత్రి వేలాడదీస్తే వాసన పోతుంది. ఉతికితే ఉన్ని ప్రోగ్రామ్‌లో, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ లేకుండా.

అన్నీ కొత్తవే కొనాలనుకోకండి. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ అంటే నామోషీ లేదు. ఫిన్ అనే సైట్‌లో సగం ధరకు మంచి జాకెట్లు దొరుకుతాయి. 'బూవా' అనే పథకం నార్వేలో చాలా ఊళ్లలో స్కీలు, మంచు చెప్పులు, టెంట్లు డబ్బులు తీసుకోకుండా అరువిస్తుంది. మొదటి ఏడాది అరువు, రెండో ఏడాది కొనుగోలు. ఏది నిజంగా వాడతారో అప్పటికి తెలిసిపోతుంది.

మూడో మెట్టు: చీకటి నెలల్లో ఒకే చెరువు చుట్టూ

నవంబరు 27 ప్రాంతంలో సూర్యుడు దిగంతం కిందికి వెళ్లి జనవరి 15 దాకా పైకి రాడు. దీన్ని 'మోర్కెతీద్' అంటారు, చీకటి కాలం. పట్టపగలు కూడా కాటుక చీకటేమో అని భయపడ్డాం. అలా ఉండదు. మధ్యాహ్నానికి అటూ ఇటూ రెండు మూడు గంటలు ఆకాశం నీలంగా వెలుగుతుంది, మంచు ఆ నీలాన్ని తిరిగి విసురుతుంది. దక్షిణాన కొండల వెనక సన్నటి గులాబీ గీత. ఆ రెండు గంటలు ఇంట్లో కర్టెన్ వెనక గడిపేస్తే మాత్రం రోజంతా నిజంగానే రాత్రి.

కాబట్టి నియమం ఒక్కటే: రోజూ మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బయటికి. కొత్త చోటు వెతకొద్దు, ఎక్కడికి అని ఆలోచిస్తూనే వెలుగు పోతుంది. మాకు ప్రెస్ట్‌వాన్నె దొరికింది. దీవి నడిమధ్యలో చిన్న చెరువు, చుట్టూ బర్చ్ చెట్లు, చదునైన బాట, అరగంటలో చుట్టేయొచ్చు. లంచ్ టైములో ఆయన ఆఫీసు నుంచి, నేను ఇంటి నుంచి వచ్చి ఒక బెంచీ దగ్గర కలిసేవాళ్లం. పెళ్లయిన ఎనిమిదేళ్లకు రోజూ ఒక చోట కలుసుకోవడం! అదే చోటు రోజూ చూస్తే మార్పు తెలుస్తుంది. ఏ మూల గాలి కొడుతుందో, ఏ రోజు మంచు కాలికింద కరకరలాడుతుందో, ఏ రోజు పిండిలా మెత్తగా ఉంటుందో. ముందుముందు కొండ మీద అవసరమయ్యే చదువంతా అక్కడే మొదలవుతుంది.

గడ్డకట్టిన చెరువు మీద నడవడం గురించి: గట్టి, నిఖార్సయిన ఐసు కనీసం 10 సెం.మీ. మందం ఉండాలి. వాగు వచ్చి కలిసే చోట, నీరు బయటికి పోయే చోట, వంతెనల కింద ఐసు పల్చగా ఉంటుంది. స్థానికులు నడవనంతవరకు మీరూ నడవొద్దు.

తలకు కట్టుకునే టార్చి చెరో ఒకటి ఉండాలి. ఇద్దరికీ కలిపి ఒకటంటే వెనక నడిచేవాళ్లకు ముందున్నవాళ్ల నీడే మిగులుతుంది. చలికి ఫోన్ బ్యాటరీ ముప్ఫై శాతం చూపిస్తూనే గుటుక్కుమంటుంది. ఫోన్‌ను లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. విటమిన్ డి కోసం ఇక్కడివాళ్లు కాడ్ లివర్ ఆయిల్ చెంచాడు తాగుతారు. మీకేది సరిపడుతుందో డాక్టరును అడిగి మొదలుపెట్టండి, శాకాహారులకు వేరే మాత్రలున్నాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లెక్క ప్రకారం సూర్యుడు తిరిగొచ్చేది సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో. ఉత్తరాయణం అనే మాట చిన్నప్పటి నుంచి పంచాంగంలో వింటున్నదే గానీ, అది కళ్లతో చూసే విషయమని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఊరి చుట్టూ కొండలు అడ్డు కాబట్టి ట్రోమ్సోలో సూర్య దినం జనవరి 21. ఆ రోజు బడిపిల్లలతో సహా అందరూ 'సూల్‌బొల్లె' అనే గుండ్రటి తీపి బన్ను తింటారు. మేం దాని పక్కన ఇంటి నుంచి వచ్చిన అరిసెలు పెట్టుకున్నాం.

నాలుగో మెట్టు: సంచిలో తిండి

కాస్త దూరం వెళ్లడం మొదలుపెట్టాక తిండి లెక్క మారుతుంది. మనవాళ్లు ప్రయాణమంటే పులిహోర కలుపుతారు. మామూలు డబ్బాలో పెట్టిన పులిహోర మైనస్ ఐదులో మెతుకు మెతుకు బియ్యంలా గట్టిపడుతుంది. వెడల్పు మూతి ఉన్న ఫుడ్ థర్మోస్‌లో, ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు వేడి పులిహోర కూరితే మధ్యాహ్నానికీ బాగుంటుంది. పల్లీ చిక్కీ వద్దు, రాయవుతుంది. మా ఆయన పన్ను మీద ఒక పెచ్చు ఎగిరింది. సున్నుండలు, నువ్వులుండలు భేషుగ్గా ఉంటాయి, నెయ్యి ఉంది కాబట్టి కొంచెం గట్టిపడినా నోట్లో కరుగుతాయి, ఒంటికి వేడి.

అన్నిటికంటే విలువైనది మిరియాల చారు. లీటరు థర్మోస్ నిండా పోయండి, పోపులో ఆవాలూ కరివేపాకూ లేకుండా వడకట్టి. లేకపోతే మూతకు అడ్డుపడతాయి. క్వాలోయా మీద ఒక బండ చాటున ఆ మూత తిప్పినప్పుడు ఆవిరికి ఆయన కళ్లజోడు తెల్లబడిపోయింది. తుడుచుకోకుండానే గుడ్డిగా చేయి చాచి కప్పు అడిగారు. పక్కన ఆగిన ముసలాయన ఏమిటా వాసన అని అడిగి ఓ కప్పు తాగి, దగ్గి, ఇంకో కప్పు పట్టాడు.

కింద వేసుకుని కూర్చోవడానికి చిన్న ఫోమ్ చాప తప్పనిసరి. నార్వేలో కిండర్‌గార్టెన్ పిల్లల సంచిలో కూడా ఉంటుంది. మంచు మీద నేరుగా కూర్చుంటే జాకెట్లు ఎన్ని ఉన్నా వేడి కిందినుంచే పోతుంది. మిగతావి: ఒక జత అదనపు మేజోళ్లు, మిట్టెన్లు, టార్చి, ఆపదలో మనిషి దూరి గాలి నుంచి తప్పించుకునే, మడత పెట్టే ఎమర్జెన్సీ సంచి, పవర్ బ్యాంకు, కాగితం మ్యాపు.

ఐదో మెట్టు: స్కీలు

ఇది లేకుండా ఇక్కడ చలికాలం సగమే. మొదట క్రాస్‌కంట్రీ స్కీలు, కొండ దిగేవి కాదు. దీవి పొడవునా దీపాలు వెలిగే బాట ఉంది, సాయంత్రాలు జనం ఆఫీసు బట్టలు మార్చుకుని నేరుగా అక్కడికే వస్తారు. మొదటి జతకు, వెనక్కి జారకుండా అడుగున బొచ్చుపట్టీ ఉన్నవి తీసుకోండి. మైనం రుద్దే స్కీలు రోజువారీ ఉష్ణోగ్రతను బట్టి రంగు రంగు మైనం అడుగుతాయి, ఆ విద్య తర్వాత.

మొదటి గంట కర్రలు పక్కన పెట్టేసి, ఒక కాలి మీద జారుతూ నిలబడటం సాధన చేయండి. తర్వాత పడటం నేర్చుకోండి. వెనక్కి కాకుండా పక్కకు, కూర్చున్నట్టుగా. లేచేటప్పుడు రెండు స్కీలూ వాలుకు అడ్డంగా పెట్టి, కిందివైపుకు తెచ్చి, మోకాళ్ల మీదికి వచ్చి లేవాలి. ఈ వరుస తెలియక నేను బోర్లాపడ్డ తాబేలులా కొట్టుకుంటుంటే, ఐదేళ్ల పిల్ల పక్కనుంచి సర్రున పోతూ "హాయ్" అంది. బాట మీద గీసిన స్కీ గాడుల్లో బూట్లతో నడవకండి, ఎంత మర్యాదస్థుడైనా ఇక్కడివాడికి కోపం వచ్చేది దానికే.

ఒక ఉచిత సలహా: మొగుడు పెళ్లానికీ, పెళ్లాం మొగుడికీ స్కీ నేర్పొద్దు. ఇద్దరూ కలిసి మూడోవాళ్ల దగ్గర నేర్చుకోండి.

ఆరో మెట్టు: వెనక్కి తిరగడం

నార్వేలో కొండకు పోయేవాళ్ల కోసం తొమ్మిది సూత్రాలున్నాయి. బడిలోనే నేర్పుతారు. ఎనిమిదోది: సమయానికి వెనక్కి తిరగండి, తిరగడంలో సిగ్గేమీ లేదు. చదివినప్పుడు ఓస్ ఇంతేనా అనిపించింది.

ఫిబ్రవరిలో క్వాలోయా మీద రోద్‌తిన్నెన్ అనే చిన్న కొండకు వెళ్లాం. కింద మైనస్ 8, ఎండ. సగం ఎక్కేసరికి గాలి లేచింది. ఇక్కడి వాతావరణ సూచన గాలిని సెకనుకు మీటర్లలో చెబుతుంది, మనం దాన్ని పట్టించుకోం. మైనస్ 10 చలికి సెకనుకు 10 మీటర్ల గాలి తోడైతే చర్మానికి అది మైనస్ 20. నా వేళ్లు మొద్దుబారాయి. ఆపమన్నాను. "ఇంకో పది నిమిషాలే కదే, అదిగో కొస కనబడుతోంది" అన్నారు. ఆ పది నిమిషాలు మూడుసార్లు అయ్యాయి. అప్పుడు ఆయన ఇటు తిరిగితే చూశాను, ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ, మైనపు ముక్క అతికించినట్టు. "ఏమండీ, మీ బుగ్గ తెల్లబడింది." ఆయనకు అక్కడ ఏమీ తెలియడం లేదు. చర్మం గడ్డకట్టడం మొదలైందంటే నొప్పి ఉండదు, అదే ప్రమాదం. మిట్టెన్ తీసి నా అరచేయి ఆనించి అలాగే పట్టుకున్నాను. రుద్దకూడదు, మంచుతో అసలు రుద్దకూడదు. రెండు నిమిషాలకు ఎర్రబడి మండింది. కిందికి దిగిపోయాం. కారెక్కేదాకా ఒక్క మాట లేదు.

ఆ రాత్రి మూడు ఒప్పందాలు చేసుకున్నాం. ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. ఒకటి, 'చాలు' అని ఎవరన్నా ఆ అడుగులోనే ఆగాలి, కారణం అడగకూడదు, కింద కాఫీ తాగేటప్పుడు అడగొచ్చు. రెండు, ఇరవై నిమిషాలకోసారి ఎదురెదురుగా నిలబడి ఒకరి ముక్కు, బుగ్గలు, చెవులు ఇంకొకరు చూడాలి. ఎవరి ముఖం వాళ్లకు కనబడదు. మూడు, ఇంటి దగ్గరే తిరుగు టైము రాసి పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట అని రాసుకుంటే, కొస వంద మీటర్లున్నా ఒంటిగంటకు తిరగడమే. ఆ టైమూ దారీ ఊళ్లో ఒకరికి మెసేజ్ పెట్టి, ఇల్లు చేరాక మళ్లీ పెడతాం.

మనిషి మాట తడబడుతున్నా, కాళ్లు తడబడుతున్నా, జిప్పు పెట్టుకోలేకపోతున్నా ఒళ్లు చల్లబడిపోతోందని అర్థం. పొడి బట్టలు, గాలి తగలని చోటు, స్పృహలో ఉంటే తీపి వేడి పానీయం, సాయం కోసం ఫోన్. అంబులెన్సుకు 113, కొండ మీద తప్పిపోతే పోలీసు 112. 'యెల్ప్ 113' అనే యాప్ ఫోన్ చేస్తూనే మీరున్న చోటు వాళ్లకు చూపిస్తుంది. నార్వేలో కొండ మీది నుంచి కాపాడి తెచ్చినందుకు బిల్లు వెయ్యరు. ఖర్చు గురించి భయపడి ఫోన్ చేయడం ఆలస్యం చేయకండి.

మంచు చరియల గురించి వేరుగా

ట్రోమ్సో చుట్టుపక్కల కొండల్లో మంచు చరియలు ప్రతి ఏటా ప్రాణాలు తీసే సంగతి. 30 డిగ్రీలు, అంతకంటే నిటారుగా ఉన్న వాలు మీద చరియ విరుగుతుంది. విరిగింది కింద చదునులో నడిచేవాళ్ల మీదికీ వస్తుంది. చరియలో చిక్కినవాళ్లలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్ల తోటివాళ్లో. 'వార్సోమ్' అనే ప్రభుత్వ సైట్ డిసెంబరు 1 నుంచి మే 31 దాకా రోజూ ప్రాంతాలవారీగా ప్రమాద స్థాయి ఇస్తుంది, ఒకటి నుంచి ఐదు. మూడంటే మధ్యలో ఉంది కదా అనుకోకండి, మూడు చాలా ఎక్కువ. దాని మ్యాపులో నిటారు వాలులు రంగుల్లో కనబడతాయి. చరియ ఎక్కడిదాకా దొర్లి రాగలదో కూడా.

మంచులో కూరుకుపోయినవాళ్లను మొదటి పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయాలి. హెలికాప్టర్ అంతలో రాదు. అంటే జంటగా వెళితే రెండోమనిషి ఒక్కరే వెతకాలి, ఒక్కరే తవ్వాలి. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో చెప్పే చిన్న యంత్రం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఇద్దరి దగ్గరా ఉండి, ఇద్దరూ కోర్సులో వాడి చూసుంటే తప్ప మేం ఆ రంగు వాలుల దరిదాపులకు పోం. ఇప్పటికీ మావి చిన్న గుండ్రటి కొండలే, దానికి చింత లేదు.

ధ్రువ కాంతులు

రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులివి. జనం దీని కోసమే లక్షలు పోసి వస్తారు గానీ, ఇక్కడ ఉండేవాళ్లకు ఇది తేలిక. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా, మబ్బు లేకపోతే చాలు. ఈ కాంతుల జోరును చెప్పే కేపీ సంఖ్య యాప్‌లో రెండే ఉన్నా ట్రోమ్సోలో కనబడుతుంది, కాబట్టి యాప్ కంటే మబ్బుల సూచన చూడండి. తీరంలో మబ్బు పడితే లోపలికి, షీబొత్న్ వైపు, ఫిన్లాండ్ సరిహద్దు వైపు తెరిపి ఉండొచ్చు. రోడ్డు అంచున కారు ఆపి ఆకాశం చూడకండి, పార్కింగ్ జాగాలోకి వెళ్లండి.

ఏడో మెట్టు: గుడిసెలో ఒక రాత్రి

1868లో పుట్టిన డీఎన్‌టీ అనే పర్యాటక సంఘానికి దేశమంతా 550కి పైగా కొండ గుడిసెలున్నాయి. సభ్యులైతే చాలావాటికి పనికొచ్చే ఒకటే తాళంచెవి ఇస్తారు. చూసుకునే మనిషి ఉండడు. తలుపు తీసి, పొయ్యి రాజేసి, కట్టెలు కొట్టి, పొద్దున ఊడ్చి, కట్టెల బుట్ట నింపి, తాళం వేసి రావాలి. కొన్నిటిలో తిండి సామాను కూడా ఉంటుంది, వాడుకున్నది మీరే లెక్క రాసి డబ్బు కట్టాలి. ఈ నమ్మకం చూసి మొదట మాకే మొహమాటం వేసింది. లోపల దూరి పడుకునే దుప్పటిసంచీ మీరే తెచ్చుకోవాలి. మరుగుదొడ్డి బయట, మంచులో ఇరవై అడుగుల దూరాన.

నీళ్ల కోసం మంచు కరిగించాలి. ఖాళీ గిన్నెలో మంచు వేసి పొయ్యి మీద పెడితే అడుగంటిన వాసన వస్తుంది, నిజంగానే. ముందు గరిటెడు నీళ్లు పోసి, అందులో కొంచెం కొంచెంగా మంచు వేస్తూ పోవాలి. గిన్నెడు మంచుకు అడుగున రెండు వేళ్లు నీళ్లు వస్తాయి. సాయంత్రం పని అంతా ఇదే. అందుకే మొదటిసారి కారు దిగి గంటలోపు చేరే గుడిసెకే వెళ్లండి.

వేసవిలో టెంట్ వేసుకోవాలన్నా అడిగేవారు లేరు. 1957 నాటి చట్టం సాగులో లేని భూమిలో అందరికీ తిరిగే హక్కు ఇచ్చింది. ఇళ్లకు, కాటేజీలకు 150 మీటర్ల దూరం ఉండాలి, ఒకేచోట రెండు రాత్రులకు మించితే యజమానిని అడగాలి. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో, అడవి దగ్గర మంట వేయకూడదు.

ఎనిమిదో మెట్టు: రాత్రి లేని వేసవి

మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు దిగడు. ఉతికిన బట్టలు రాత్రి పన్నెండింటికి బాల్కనీలో ఎండలో ఆరుతున్న వీడియో అత్తగారికి పంపాం. నిద్ర మాత్రం కష్టం, నల్ల కర్టెన్లు కొనాల్సిందే. కొండల మీద మంచు జూన్ దాకా ఉంటుంది, తొందరపడొద్దు. (1997 ఏప్రిల్ 29న ఈ ఊళ్లో మంచు 240 సెం.మీ. లోతు ఉంది. ఏప్రిల్ నెలాఖరులో!)

మొదటి ఎక్కుడు షెర్పా మెట్లు. ట్రోమ్స్‌డాలెన్ నుంచి కేబుల్ కారు వెళ్లే స్టూర్‌స్టైనెన్ దాకా, 421 మీటర్ల ఎత్తుకు, నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు రాళ్లు పేర్చి కట్టిన 1,200కు పైగా మెట్లు. తిరుపతి కాలినడక మెట్లు ఎక్కినవాళ్లకు సంఖ్య చూసి భయం వేయదు గానీ ఇవి నిటారు. రాత్రి పదకొండుకు బయల్దేరండి, రద్దీ తక్కువ, ఎండ ఏటవాలు. పైన గాలి జాకెట్ కావాలి, జులైలో కూడా.

జులై చివర, ఆగస్టులో బురద నేలల్లో 'ముల్తె' పండుతాయి, నారింజ రంగు క్లౌడ్‌బెర్రీలు. ఇది ఇక్కడ బంగారంతో సమానం. ఎక్కడ కాస్తాయో తోడల్లుడికి కూడా చెప్పరు. ఉత్తరాది జిల్లాల్లో ముల్తె కాసే సొంత భూముల్లో యజమాని కోయొద్దంటే కోయకూడదు, అక్కడే తినడానికి మాత్రం అడ్డులేదు. బ్లూబెర్రీలకు ఆ గొడవ లేదు, ఆగస్టు చివర్లో డబ్బా తీసుకుపోండి. మొఖానికి దోమతెర కూడా. ఈ దోమలు మన గోదావరి దోమలకు పెద్దన్నలు.

ఇక చేపలు. సముద్రంలో గేలంతో పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. చెరువులు, వాగుల్లో అయితే కార్డు కొనాలి. కాడ్ లాంటి చేపలకు కనీస పొడవు నిబంధన ఉంది, చిన్నవి నీళ్లలోకి వదిలేయాలి. ఒడ్డు బండ మీద నుంచి మెరిసే లోహపు ఎర విసిరి, అడుగుకు చేరనిచ్చి, ఆపి ఆపి లాగాలి. పట్టగానే తలమీద ఒక దెబ్బ, వెంటనే మొప్పల కింద కోసి సముద్రపు నీళ్లలో రక్తం కారనివ్వండి. ఆ పని వదిలేస్తే ముక్క ఎర్రబారి నీచు వాసన వస్తుంది.

కాడ్‌తో పులుసు పెట్టేటప్పుడు మన కొర్రమీను లెక్క పనికిరాదు. ముక్క పొరలు పొరలుగా విడిపోతుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయ ముద్ద, కారం, మెంతిపొడి అన్నీ వేసి బాగా మరిగి నూనె తేలాక, చిట్టచివర పెద్ద ముక్కలు వేయండి. ఐదు నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టుకుని ఒకసారి తిప్పి దించేయండి. 'సై' అనే నల్లచేప దొరికితే ఇంకా మంచిది, గట్టిగా ఉంటుంది, మర్నాటికి కూడా చెదరదు.